ఎండలోకి లాగిన గింజలు

చర్చిలో సంస్కారపు రొట్టె అందుకోవడానికి మోకరించినప్పుడల్లా నా గొంతుకు అడ్డం పడే మాట ఒకటుంది. ఏళ్లు గడిచినా కిందికి దిగదు, పైకి రాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరుగరు గనక మీకు చెబుతున్నాను.

కొత్తపేట దగ్గర మాది ఉమ్మడి కుటుంబం. నేను పెద్దకోడలిని, అయిదో తరగతితో సరి. మరిది భార్య సుగుణ బి.ఎస్సీ. చదివి వచ్చింది. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మావయ్యగారు భోజనాల దగ్గర ప్రతిదీ ఆమెనే అడిగేవారు. నన్నడిగేది ఇంకాస్త పులుసు పొయ్యమని. ఒళ్లు మండిపోయేది. పోనీ, ఆ పిల్ల నన్నేమైనా అందా? లేదు. అక్కయ్యగారూ అంటూ నా వెనకాలే తిరిగేది. అదింకా మంట.

ఎనభైల మొదట్లో లంక చేలో సోయా చిక్కుడు వేద్దామంది సుగుణ. పంట బాగా వస్తే వ్యవసాయశాఖలో ఉద్యోగానికి వెళ్లనిస్తానని మావయ్యగారు మాటిచ్చారు. ఆ పూట ఆమె మొహం చూడాలి! నేను చూడలేకపోయాను.

ఈ పంటకు తోడుండే సూక్ష్మజీవులు మన మట్టిలో లేవని చెప్పింది. అవి వేళ్లలో బుడిపెలు కట్టుకుని గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయట, మొక్క వాటికి తీపి పెడుతుందట. ఆ జీవులున్న నల్లపొడి పొట్లం తెచ్చింది. నా వంటింటి బెల్లంతోనే పాకం కాచి, చల్లార్చి, పొడి కలిపి గింజలకు పట్టించి, వసారాలో గోనె మీద ఆరబోసింది. ఎండ తగిలితే చచ్చిపోతాయి, కాస్త చూస్తూ ఉండండని నాకు అప్పజెప్పి, దుక్కి చూసుకోవడానికి చేనుకు వెళ్లింది.

చూస్తూనే ఉన్నాను. చూస్తూ చూస్తూ గోనెను వాకిట్లో ఎండలోకి లాగేశాను. ఆమె వచ్చే వేళకు మళ్లీ నీడలోకి లాగాను. ఎందుకు చేశాను? పంట పోవాలనా? ఆమె గడప దాటకూడదనా? అబద్ధమెందుకు, భోజనాల దగ్గర ఆమె నోరు మూతపడాలనే.

మొక్కలు మొలిచాయి గానీ పసుప్పచ్చగా గిడసబారిపోయాయి. సుగుణ ఒకటి పీకి తెచ్చింది. వేళ్లు నున్నగా ఉన్నాయి, ఒక్క బుడిపె లేదు. మావయ్యగారు ఆ వేరును అటూ ఇటూ తిప్పి చూసి, నావైపు తిరిగారు.

“అమ్మాయ్, ఆ వేళ గింజలకి ఎండేవన్నా తగిలిందా? నువ్వు చెప్పు, నీ మాట నమ్ముతాను.”

“లేదండి మావయ్యగారూ. నీడలోనే ఉన్నాయండి.”

ఆయన నన్నొక సంగతి అడగడం అదే మొదలు. అలా అడగాలనే కదా నేను అన్నేళ్లు కుళ్లింది? అడిగిన ఆ ఒక్కసారీ అబద్ధమాడాను. ఉద్యోగం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సుగుణ వంటింట్లో నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగింది. ఇప్పటికీ తరుగుతోంది.

చేలో పెసర మొక్క కనబడితే ఇప్పటికీ పీకి వేళ్లు చూస్తుంది. మొన్న ఒక బుడిపెను గోటితో చిదిపి, లోపల ఎర్రగా ఉంది చూడండక్కయ్యగారూ, బతికున్నాయి అని నా అరచేతిలో పెట్టింది. ఆ సోయాకు పాకం చల్లారకుండానే కలిపేసి ఉంటానని, తప్పంతా తనదేనని నవ్వింది.

మీకు చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే, ఇంకేమీ కోరను. ఆ వేళ పాకం చల్లగానే ఉంది. నేను వేలు పెట్టి చూశాను.