అవసరమా, అర్జెంటా?

1955. మద్రాసు ట్రంక్ ఎక్స్ఛేంజిలో నేను సూపర్‌వైజర్‌ని. ట్రంక్ కాల్ అంటే ఊరు దాటి వెళ్లే ఫోను. అప్పట్లో ఆపరేటరు బోర్డు ముందు కూర్చుని రెండు ఊళ్ల లైన్లను కార్డుతో, అంటే కొనకు ప్లగ్గున్న తాడుతో, కలిపితేనే మాట నడిచేది.

ఆ జూన్‌లో తెనాలి నుంచి భ్రమరాంబ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి చేరింది. తెలుగు, ఇంగ్లీషు చక్కగా వచ్చు. తమిళం ఒక్క ముక్క రాదు. నేను మద్రాసు వాషర్‌మెన్‌పేటలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని కాబట్టి నేర్పే పని నాకు అప్పగించారు. పుస్తకంతో మొదలుపెడితే ఏడాది పడుతుందని, టీ వేళ ఆటలు పెట్టాను.

మొదటిది చేపల బేరం. ఒకరు అమ్మాలి, మిగిలినవాళ్లు తమిళంలోనే బేరమాడాలి. తెలుగు మాట దొర్లితే ఆ చేప పోయినట్టే. రెండోది రాత. నేను ఒక పేరు చెబితే తమిళ అక్షరాల్లో రాసి, మర్నాడు తనే చదవాలి. తమిళంలో ప, బలకు అక్షరం ఒకటే. ముందురోజు తను రాసిన బాబును మర్నాడు ‘పాపు’ అని చదివి, బోర్డు మీదున్న ఆపరేటరు పిల్లలందరినీ నవ్వించింది.

మూడోది తీగ ఆట. అటు ఒకరు తెలుగులో, ఇటు ఒకరు తమిళంలో మాట్లాడతారు. మధ్యలో ఉన్న పిల్ల రెండువైపులా మాట చేరవేయాలి. ‘ఆయన అంటున్నారు’ అనకూడదు. ఆయన ‘నేను’ అంటే తనూ ‘నేను’ అనాలి. సొంత మాట ఒక్కటి కలిపినా ఓడినట్టే.

జులైలో ఒక వ్యాపారి ఫోన్ చేసి తమిళంలో ‘రొంబ (చాలా) అవసరం’ అంటే, భ్రమరాంబ దాన్ని మామూలు కాల్‌గా రాసింది. ఆయన పెద్ద గొడవ చేశాడు. నేను పిలిచి అడిగాను.

“ఏమే, అర్జెంటు కాల్‌ని ఆర్డినరీలో ఏసినావే?”

“అవసరం అన్నారండీ. అవసరం లేకుండా ట్రంక్ కాల్ ఎవరు చేస్తారు?”

“ఈడ అవసరం అంటే తొందర. మన అవసరం కాదు.”

తల ఊపి వెళ్లిపోయింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం నెల్లూరు ఆసుపత్రి నుంచి మద్రాసు రేవు పక్కనున్న రాయపురం ఐసు ఫ్యాక్టరీకి కాల్ వచ్చింది. రాయపురం పడవ మీద వెళ్లిన పదిహేనేళ్ల కుర్రాడి కాలు మోకు చుట్టుకుని నలిగిపోయింది. పడవవాళ్లు దగ్గరి ఒడ్డున దింపి ఆసుపత్రిలో చేర్చారు. కాలు తీసెయ్యడానికి తండ్రి ఒప్పుకోలు కావాలి; ఆయన్ని ఫ్యాక్టరీ ఫోను దగ్గరికి పిలిపించారు. డాక్టరుకు తమిళం రాదు, తండ్రికి తెలుగు రాదు. పైగా లైను పాడై ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు. మధ్యలో ఉన్న భ్రమరాంబకు మాత్రం ఇద్దరూ వినిపిస్తున్నారు. అలాంటప్పుడు ఆపరేటరే మాట అందిస్తుంది.

నేను మానిటరింగ్‌లో ఉన్నాను, అంటే ఆ లైన్ వింటున్నాను. ‘నేను డాక్టర్ని’ అని ఆ పిల్ల తమిళంలో మొదలుపెట్టింది. కుర్రాడి స్థితి చెప్పింది. తండ్రి, రేపు రైలెక్కి వచ్చి కళ్లతో చూసి చెబుతానన్నాడు. ఆమె దాన్ని తెలుగులో అందించింది.

డాక్టరు జవాబు ముక్తసరిగా వచ్చింది. “ఆపరేషన్ అవసరం అని చెప్పండి.”

భ్రమరాంబ ఆగింది. ఆ మాటను అలాగే అటు పడేస్తే తమిళంలో అది తొందర అవుతుంది. ‘కావాలి’ అని మారిస్తే తండ్రి రేపటి దాకా ఆగుతాడు. డాక్టరు మనసులో ఏదుందో ఆ మాటలో లేదు. నేను కలగజేసుకోవడానికి కీ మీద వేలు పెట్టాను. అంతలో ఆమె గొంతు వినిపించింది.

“డాక్టరు గారూ, నేను ఆపరేటర్ని, ఒక మాట అడుగుతున్నాను. అవసరమా, అర్జెంటా? రేపటిదాకా ఆగవచ్చా?”

“ఆగితే ఎలా అమ్మా? విషం పైకి పాకుతోంది. సాయంత్రం దాటితే పిల్లవాడే దక్కడు.”

ఆమె దాన్ని తమిళంలో చెప్పింది, మెల్లగా, ఒక్క మాట వదలకుండా. అటునుంచి తండ్రి, “ఎడుత్తుడుంగమ్మా. ఎన్ పయ్యన్ ఇరుందా పోదుం” అన్నాడు.

“తీసెయ్యండి,” అంది భ్రమరాంబ నెల్లూరుకి. “నా కొడుకు ఉంటే చాలు.”

పెళ్లి కూడా కాని పిల్ల నోట ఆ మాట వింటూ కీ మీంచి వేలు తీసేశాను. మూడు నెలల కిందట ఆమెకు ‘పయ్యన్’ అంటే తెలియదు. ఇప్పుడు ఒక తండ్రి గుండె ఆమె గొంతులోంచి మాట్లాడుతోంది. కాల్ ముగిశాక కార్డు తీసి, తర్వాతి లైనుకు “నంబర్ ప్లీజ్” అంది.

అక్టోబరులో ఆ తండ్రే మళ్లీ ఫోన్ చేశాడు. ఆ రోజు ఆ బోర్డు మీద నేనున్నాను. కొడుకు ఇంటికి వచ్చాడట, కర్ర ఊతంతో నడుస్తున్నాడట. నెల్లూరు ఆసుపత్రిలో తనతో మాట్లాడిన డాక్టరమ్మకు ఆ సంగతి చెప్పాలట. ఆ డాక్టరు మగవాడు; తండ్రి విన్నది భ్రమరాంబ గొంతు. పక్క కుర్చీలో ఉన్న భ్రమరాంబకు విషయం చెప్పి, నువ్వే మాట్లాడతావా అని అడిగాను.

“వద్దండీ. డాక్టరమ్మనని, అంత పెద్ద చదువు చదివించాడు నన్ను. అలాగే ఉండనివ్వండి,” అంది.

అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఆ ఆట ఎంత పూర్తిగా ఆడిందో. సొంత మాట కలపకూడదన్న దాని నియమాన్ని ఒక్కచోట తప్పింది, ఆ తప్పడంలోనే కుర్రాడు బతికాడు. ఆ నియమం పెట్టినదాన్ని నేను. ఎక్కడ తప్పాలో నేను నేర్పలేదు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన పిల్లలకు తెలియని మాటల కంటే ముందు, తమకు తెలుసనుకునే మాటలు నేర్పాను.