బుద్ధుడు కూసోని గద్దె

ఆ రోజుల్లో 'పర్మినెంటు' అనే మాటకు దేవునికన్నా ఎక్కువ మొక్కేటోళ్లం. (ముందే ఒప్పుకుంటున్న, నేను జర పెంచి చెప్త. చీమ గురించి చెప్పినా దానికి తొండం తగిలిస్త. మీరే కోసుకొని సదువుకోండి.) డెబ్బైల చివర, పెద్దపల్లి అవతల ఒక మట్టిదిబ్బ తవ్వితే బౌద్ధుల స్తూపం బయటపడ్డది. దాని రాతిపలకల మీది చెక్కడాలను చూసి కాగితం మీద గీసే కొలువు నాకు దొరికింది. మూడు నెలలు టెంపరరీ, పని నచ్చితే పర్మినెంటు. బాపు అప్పటికే వాడకట్టంతా పర్మినెంటనే చెప్పుకొచ్చిండు. అందుకే తవ్వకాల పెద్దసారు నా బొమ్మలు చూడనీకి వస్తుండని తెలిసిన కాన్నుంచి నాకు అన్నం దిగలే. చాయ్ కూడ నమిలి మింగిన.

ఆఖరి పలక మీద ఒక గద్దె, పైన గొడుగు, కింద రెండు పాదాలు, చుట్టూ మొక్కుతున్న జనం. గద్దె మీద మాత్రం ఎవ్వరూ లేరు. రాయి అరిగి బుద్ధుడు రాలిపోయిండనుకొని, జాలిపడి, ట్రేసింగ్ కాగితం మీద నల్లసిరాతో ఆయనను నిండుగ కూసోబెట్టిన. (మీసాలు పెట్టలే, గదే నయం.)

సారు వచ్చే పొద్దున, అక్కడ మట్టి మోసే ముసలవ్వ తట్ట దించి, కాగితాన్నీ రాయినీ మార్చి మార్చి చూసింది. "గీయిన ఎవలు బిడ్డా? రాయి మీద లేడుగద." అరిగిపోయిండని చెప్పిన. "గద్దె అరగలే, గొడుగు అరగలే, ఆయినొక్కడే అరిగిండా? సమ్మక్క గద్దె మీద బొమ్మ ఉంటదా? మనం మొక్కుతలేమా?"

నా కాళ్ల కింది నేల మూడు గజాలు దిగింది. జీపు అరగంటల వస్తది. సిరా రబ్బరుకు పోదు. సగం బ్లేడుతోటి బుద్ధుణ్ని గోకుడు మొదలుపెట్టిన. నడుమ నడుమ ఆగి రాయి దిక్కు చూసిన. ఆ శిల్పికి ఆయన రూపం చెక్కొద్దని ఎవరో చెప్పి ఉంటరు. అలగలే, ఉలి పారేయలే. రెండు పాదాలతోటి, ఒక గొడుగుతోటి సర్దుకొని, లేని మనిషిని ఉన్నట్టే చూపిచ్చిండు. నేను కూడ ఉన్నదాంతోటే సర్దుకోవాలె అనుకుంట, ఊపిరి నిమ్మళం చేసుకొని గోకిన. ముఖం పోయింది. భుజాలు పోయినయ్. నడుము కాడికి వచ్చేసరికి కాగితమే పోయింది.

సారు వచ్చి కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టిండు. గద్దె మీది బొక్కలకెళ్లి ఆయన కన్ను నన్నే చూస్తున్నది. ఇదేందని నన్ను అడిగిండు. అవ్వనే జవాబిచ్చింది.

"పురాగ ఖాళీ చేసిండు సారూ."

సారు పకపక నవ్వి, నా భుజం తట్టి, అక్కడికక్కడే కొలువు పర్మినెంటు చేసిండు.

ఇగ ఒప్పుకోవాలె. అవ్వ నిజం, బొక్క నిజం. ఆ నవ్వే నేను అల్లింది. సారు కాగితం మడిచి, రేపటి నుంచి రావద్దన్నడు, అంతే. ఇంటికి పోయి బాపుకు మాత్రం నవ్విన కథే చెప్పిన. పాపం, మూడు దినాలు నమ్మిండు. ఇన్నేండ్లయినా, ఆ ఇరవై రెండేండ్ల పోరణ్ని ఒక్కసారన్నా పర్మినెంటు చేయకుంట ఈ ముచ్చట ముగించబుద్ధి కాదు.