రెక్కలు వలిచి తెచ్చిన పత్తిపూలు

ఒక్క పొద్దుగూకులో రెండు వేల మొగ్గలు గిల్లినవాణ్ణి నేను. దేవరకొండ దిక్కున సంకర పత్తి విత్తనం పట్టించింది మొదట నేనే. ఈ రెండు మాటలు చాలామందికి చెప్పిన. రెండు వేలు కాదు, ఇరవై. మొదటోణ్ణీ కాదు; ఎనభైల చివర్ల మా ఊళ్లె అప్పటికే నలుగురు పెట్టిండ్రు. నా బొటనవేలు మందం, గిల్లితే మొగ్గే తెగిపోయేది. గిల్లేది మా ఇంటామె, ఆమె వెంట ఆరుగురు ఆడోళ్లు. పొద్దున్నే మగ సాళ్లలో, అంటే పుప్పొడి కోసం వేరే రకం వేసిన వరుసల్లో, పూలు తెంపి వాళ్లకు అందించడం నా పని.

పత్తి మొగ్గ మూడు ఆకుల గూట్లో ఇరవై రోజులకు పైగా పెరుగుతది. విచ్చుకునే ముందు రోజు సాయంత్రం మీగడ రంగు రెక్కలు చుట్టుకొని గూడు దాటి బయటికొస్తయి. అప్పుడే గింజ పట్టే ఆడ సాళ్లలో ఆ మొగ్గను గోటితో గిల్లి, రెక్కలనూ పుప్పొడి తిత్తులనూ ఒక్క తొడుగు లెక్క ఊడదీస్తరు. నడుమ పుల్ల మిగులుతది. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలె. మధ్యాహ్నం దాటితే ఆ పుల్ల పనికిరాదు.

ఆ పంట గట్టెక్కితే దసరా వెళ్లినంక మేస్త్రి వెంట కాల్వ తవ్వే పనికి పోనక్కర్లేదని మా ఇంటామె ఆశ. అంతకుముందు నాలుగేండ్లు ఇద్దరం పోయినం. మళ్లీ ఆ కాల్వ కాడి గుడిసెల్లోకి పోనని ఆమె విత్తనం పెట్టిననాడే చెప్పింది.

ఎంగిలిపూల బతుకమ్మకు పూలు తెచ్చేది మగోళ్లే. ఆ ఏడు వానల్లేక గునుగు మొలవలేదు. తంగేడు కోసం గుట్టంతా తిరిగిన అని చెప్పిన గాని, తిరిగింది సగం గుట్టే. తాంబాలం నిండాలె గదా. ఆడోళ్లు బువ్వకు పోయినప్పుడు మగ సాళ్లలో తెల్లారి విచ్చుకోవాల్సిన ఉబ్బిన మొగ్గలన్నీ తెంపిన. విచ్చుకున్న పూలు తెంపితే నష్టం లేకపోయేది. అవి అప్పటికే ఎండకు వాడినయి. పక్కూరి చెలకలోవి అంటే ఆమె మెచ్చుకుంది. ఆ సాయంత్రం ఆడోళ్లు రోజూ లెక్కనే మొగ్గలు గిల్లి, చేతులు కడుక్కొని బతుకమ్మ ఆడబోయిండ్రు.

తెల్లారి గంప పట్టుకొని పోతే మగ సాళ్లలో ఒక్క పువ్వు లేదు.

గట్టవతల చేను ఒక ముసలి సాయిబుది. ఊరంతటికీ చాచా. బొంతలకని దేశీ పత్తి వేసిండు.

“నిన్న పేర్చిన బతుకమ్మ సాలలేదారా?” అన్నడు, నేను పూలడగంగనే.

“మందుకు చాచా. కడుపునొప్పి.”

“గంపెడు కడుపునొప్పా?”

అయినా తెంపుకోమన్నడు. దేశీ పువ్వు పసుపుపచ్చగా ఉంటది, అడుగున ఎర్రమచ్చ. చూస్తే దొరికిపోత. గట్టు మీద కూసోని రెక్కలన్నీ వలిచి, ఉత్త పుప్పొడి కాడలే తీస్కపోయిన.

“రెక్కలేవి?” అన్నది మా ఇంటామె.

“మీకు పని తొందరైతదని నేనే వలిచిన.”

ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందని ఆడోళ్లు నవ్వుకుంటనే రుద్దిండ్రు.

వారం తిరగకముందే పిందెలు రాలినయి. రుద్దిన పువ్వులకు మేము రోజుకో రంగు దారం కట్టేవాళ్లం. రాలిన వాటికన్నిటికీ ఆ రోజు కట్టిన పచ్చ దారమే. విత్తనాల కంపెనీ నుంచి తనిఖీకొచ్చిన సారు ఒక పిందెను చీల్చి, నేల మీద పుల్లతో గీసి చెప్పిండు. పూత ఎప్పుడు రావాలె, రెక్క ఏ రంగుండాలె, అడుగున మచ్చ ఉండాల్నా వద్దా, అంతా జన్యువుల పనేనట. ఆ జన్యువులు క్రోమోజోములనే పోగుల మీద ఉంటయట. దేశీ పత్తికి ఆ పోగులు పదమూడు జతలు, మన చేన్లో పత్తికి ఇరవై ఆరు. ఒకదాని పుప్పొడి ఒకదానికి పెడితే గింజ నిలవదు.

“నాకైతే దేశీ పుప్పొడి పడ్డట్టే అనిపిస్తాంది. ఎట్లొచ్చింది?” అన్నడు.

“తేనెటీగలు తెచ్చినయేమో సార్” అన్న.

మా ఇంటామె నా దిక్కు తిరిగింది. “తేనెటీగలు రెక్కలు వలుస్తయా?”

ఇగ బతుకమ్మ కాడి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పిన. ఇంకో పది రోజులు పని సాగిస్తే కంపెనీ తనిఖీలో చేను పాసయితదేమో చూద్దామన్నడు సారు.

దసరా వెళ్లినంక మేస్త్రి వచ్చిండు. ఆమె సాళ్లలోనే ఉంది, తల ఎత్తలేదు.

“ఈ ఏడు మేము రాము” అన్న నేను.

“నేను రాను” అన్నదామె. “ఆయనను తీస్కపో. ఇక్కడుంటె పది రోజుల పని ఇరవై రోజులైతది.”

పోయిన. కాల్వ కాడ నేను మారువేషంలో వచ్చిన విత్తనాల సారునని చెప్పిన. మూడు రోజులు నమ్మిండ్రు. నమ్మలేదు, ఊకె నవ్విండ్రు. చేను పాసయిందని చాచా కొడుకు అటు వచ్చినప్పుడు చెప్తే తెలిసింది. ఆమె కబురు పంపలేదు.