ఆడవాళ్ళు నడవని దారి

మొదట డోలు వినిపించేది. జూన్ నెల వచ్చిందంటే చాలు, సాయంత్రం పూట టైరోన్ కొండవాలు మీదుగా, తడిసిన గడ్డి మీదుగా, నేల గుండెనెవరో బెత్తాలతో బాదుతున్నట్టు మోగేది. కాథలిక్కుల మీద పాత యుద్ధ విజయానికి గుర్తుగా జులై పన్నెండున జరిగే ఊరేగింపుకు ప్రొటెస్టెంట్ల సాధన అది. అది మొదలవగానే కాథలిక్కుల ఇళ్ళలో కిటికీలు మూసుకునేవి. హెస్టర్ డెవ్లిన్ మాత్రం మూసేది కాదు. ఆ డోలు కొట్టేది ఆమె తమ్ముడు ఆర్చీ.

పదిహేడో యేట ఆమె మాలకీ డెవ్లిన్‌ను పెళ్ళాడి అతని కాథలిక్ మతం పుచ్చుకుంది. ఆ రోజు నుంచి ఆర్చీ ఆమెతో మాట్లాడలేదు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య రెండు పొలాలే.

"నా గుమ్మం వైపు తిప్పి మరీ కొడతాడు వెధవ," అనేది రొట్టెపిండి పిసుకుతూ. "మాట్లాడడు. మర్చిపోనివ్వడు."

పందొమ్మిది వందల డెబ్బై మూడు జూన్‌లో ఒక సాయంత్రం డోలు మోగలేదు. ఆర్చీ దగ్గర మంచాన ఉన్న అమ్మ పోయిందని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది.

పుట్టింట్లో శవపేటిక పక్కన నిలబడగానే అలవాటుగా ఆమె చెయ్యి నుదుటికి వెళ్ళింది, కాథలిక్కుల పద్ధతిలో శిలువ గుర్తు వేసుకుంది.

"ఆ వేషాలు ఇక్కడొద్దు," అన్నాడు ఆర్చీ. ఇన్నేళ్ళకు అక్కతో అన్న మొదటి మాట అదే.

"చెయ్యి నాది, అమ్మ నాది. నీకేం పోయిందిరా?"

"అమ్మకు స్వర్గానికి టిక్కెట్టు మీ ఫాదరిచ్చి పంపాడా ఏంటి?"

ఆమెకు కావలసింది ఒక్కటే: అమ్మను మట్టిలోకి దించేటప్పుడు కళ్ళారా చూడటం.

మర్నాడు పాస్టర్ గారు ఇంట్లోనే ప్రార్థన ముగించారు. మగవాళ్ళు పేటికను భుజాలకెత్తుకున్నారు. మిగతా ఆడవాళ్ళు వంటింట్లో రొట్టెలు కోస్తున్నారు. హెస్టర్ నల్లకోటు వేసుకుని పేటిక వెనకే నడిచింది. డెవ్లిన్ల ఇళ్ళలో ఎవరు పోయినా భార్యలు, కూతుళ్ళే ముందు నడుస్తారు. ఇక్కడ మరోలా ఉంటుందని ఆమెకు తట్టనే లేదు. తను వెళ్ళిపోయేనాటికి ఈ ఇంట్లో చావు జరగలేదు.

ఆర్చీ భుజం మీద బరువుతోనే వెనక్కి తిరిగి చూశాడు.

"ఇంట్లోకి పో."

"అమ్మతో వెళ్తున్నా."

"ఎవరు పంపారు నిన్ను? మీ ఫాదరేనా?"

"కన్నతల్లి వెనక నడవడానికి ఒకరు పంపాలట్రా!"

వరస కదిలింది. ఆమె కూడా కదిలింది. కంచెల నిండా తెల్లగా పూలు, ఎవరో బట్టలు ఉతికి ఆరేసి మరిచిపోయినట్టు. శ్మశానం దగ్గర ఆర్చీ తన చోటు మరొకరికిచ్చి వెనక్కొచ్చాడు. ఇనప గేటు వేసి గడియ పెట్టాడు.

"ఊరేగాలంటే మీ వీధిలో ఊరేగండి."

ఊచలు పట్టుకుని ఆమె రోడ్డు మీదే నిలబడిపోయింది. తవ్విన గొయ్యి కనపడకుండా గోడ అడ్డు. పేటిక మీద మట్టి పడిన చప్పుడు వినిపించింది, అంతే.

కాథలిక్కనే కన్నకూతుర్ని తల్లి సమాధి దగ్గరికి రానివ్వలేదని డెవ్లిన్లు ఊరంతా చెప్పారు. అమ్మ శవాన్ని కూడా పోపు గారి ఊరేగింపు చేయబోయిందని అవతలివాళ్ళు చెప్పుకున్నారు. రెండు కథలూ ఏ యేటికాయేడు బలిశాయి.

చాలాకాలం తర్వాత ఆర్చీ భార్య మిర్టిల్ సంతలో ఆమెను ఆపింది.

"వదినా, మా అమ్మ పోయినప్పుడు నేనూ వెళ్ళలేదు. మాలో ఆడవాళ్ళు సమాధి దాకా నడవరు. నువ్వు కావాలనే పంతానికి నడిచావనుకున్నాడు ఆయన. నీకు తెలీదా?"

"తెలీదు."

"తెలిసుంటే ఆగిపోయేదానివా?"

"ఆగేదాన్ని కాదు. ఆ మాట నోటితో చెప్పడానికి వాడికేం రోగం? గడియెందుకు పెట్టాలి?"

"నువ్వడిగావా మరి?"

"నన్నడగమంటావా! పో మిర్టిల్, నీ కోడిగుడ్లు అమ్ముకో."

ఎనభై దాటాక ఇదంతా చెబుతున్నప్పుడూ ఆమె గొంతు మెత్తబడలేదు. ఊరి పాత కథలు రాసుకోవడానికి వచ్చిన మనిషిని గుమ్మం దాకా సాగనంపి, పొలాల అవతల ఆర్చీ ఇంటి పొగగొట్టం వైపు గడ్డంతో చూపించి, చివరగా అన్నది:

"వాడి దగ్గరికీ వెళ్తారుగా? వెళ్ళండి, వాడు చెప్పేదీ వినండి. నేను ఏడ్చానని మాత్రం చెప్పకండి."