వర్తూరులో మా అమ్మాయి పాట

రెండేళ్ల కిందట మా ఇంట్లో చెక్కభజన సాధన జరుగుతుంటే జట్టులో ఒకాయన ఫోన్ చూపించి, "ఈ వీడియోలో అరిచేది మీ లిఖితేనాప్పా?" అని అడిగాడు. నేను అవునని చెప్పలేదు. "పల్లవి ఎత్తుకోండి" అని మాట మార్చాను. టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన మా అమ్మాయి లిఖిత అది వింది. ఆ తర్వాత తన బ్యాండు సంగతి నా దగ్గర ఎత్తలేదు. జట్టువాళ్లకు ఈరోజుకీ నిజం తెలియదు. వాళ్లూ చదువుతారనే ఇది రాస్తున్నాను.

మొన్న ఆదివారం బెంగళూరు శివారు వర్తూరులో లిఖిత కచేరీ ఉందని మా ఆవిడ చెప్పింది. పిలుపు లేకుండానే బయల్దేరాను. హిందూపురంలో ఉదయం బెంగళూరు రైలెక్కాను. కిటికీ సీటు కావాలంటే కాస్త ముందే వెళ్లాలి, ఆదివారమైనా రద్దీ తగ్గదు. ఎదురు సీట్లో బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని చేసే పెద్దాయన కూర్చున్నాడు.

"యాడికప్పా?"

"వర్తూరుకి. నా కూతురు పాడతాది."

"భక్తి పాటలా?"

"కాదు. గిటారూ డ్రమ్ములూ పెట్టుకుని అరిచే పాటలు."

"మరి చెవుల్లోకి దూది తెచ్చుకుండావా?"

ఇద్దరం నవ్వుకున్నాం.

మెజెస్టిక్ బస్టాండులో ఇడ్లీ వడ తిని, కాఫీ తాగి వర్తూరు బస్సెక్కాను. అక్కడే ఎక్కితే సీటు దొరుకుతుంది. మారతహళ్లి దాటేసరికి మధ్యాహ్నమైంది.

కచేరీ ఒక పాత గోడౌన్‌లో. అందరూ కుర్రకారే. వెనక బెంచీ మీద కూర్చున్నాను. పాటలు సగం తెలుగు, సగం కన్నడ. మాటలు సరిగ్గా వినపడలేదు, గుండె మాత్రం అదిరింది. మూడో పాట మధ్యలో డ్రమ్ములు పరుగెత్తాయి. లిఖిత చెయ్యెత్తింది. అన్నీ ఆగిపోయాయి.

"తాళ తప్పితు. మొదలింద," అంది కన్నడంలో, తాళం తప్పింది, మొదటినుంచి అని.

"పర్వాగిల్ల, హాడి," పర్లేదు పాడండి అని ఎవరో అరిచారు.

తను వినలేదు. మొదటినుంచి ఎత్తుకుంది.

చెక్కభజనలో అడుగు తప్పితే ఊరంతా చూస్తున్నా సరే, ఆపి మళ్లీ పల్లవికి వస్తాం. తప్పును దాటించుకుని పోవడమే మాకు నామోషీ. మా జట్టులో చెయ్యెత్తేది నేనే. చిన్నప్పుడు నా వెనకే చెక్కలు వాయిస్తూ అడుగులు వేసిన పిల్ల ఇది. పక్కనున్న అమ్మాయిని పిలిచి మరీ, "ఆ పాడేది నా కూతురు" అన్నాను. "సూపర్ అంకుల్" అంది ఆ అమ్మాయి. ఇంకో ఇద్దరికి కూడా చెప్పాను.

పాటలయ్యాక లిఖిత నన్ను చూసింది. "నువ్వెప్పుడొస్తివి నాయనా?" అంది. ఇంకేం అడగకుండా స్టేషన్ దాకా వస్తానని నాతో బస్సెక్కింది.

"పాటలెట్లుండాయి?"

"నాకు ఎక్కల్యా పాపా. ఆపి మళ్లీ ఎత్తుకున్నావు చూడు, అది మా జట్టులో అందరికీ చేతకాదు."

"మీ చెక్కలు నాకు ఇప్పుడూ తలనొప్పే," అని నవ్వింది.

మా చెవులు ఎప్పటికీ కలవవు. తాళం విషయంలో మాత్రం తను నాకంటే గట్టిది. బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. ఇక ఆలస్యం చేయదలుచుకోలేదు.

"ఆ పొద్దు వీడియోలో ఉండేది నా కూతురేనని చెప్పల్యా. వాళ్లేమనుకుంటారోనని నోరు మూసుకున్నా. నువ్వు విన్నావని కూడా తెలుసు. తప్పు నాదే పాపా, నన్ను మన్నించు," అన్నాను.