చిగురించని వైపు

నా చిన్నప్పుడు, నేను ఆరో తరగతి చదువుతున్న రోజుల్లో, మా తాతయ్యకు చిత్తూరు పొలిమేరలో ఒక చిన్న నర్సరీ ఉండేది. మందారాలు, నూరువరహాల మొక్కల నడుమ ఆయన రెండు తూజా చెట్లను పెద్ద మట్టి తొట్లలో పెంచారు. ఏడాది పొడవునా పచ్చగా ఉండి, దీపపు మంటలా అడుగున వెడల్పుగా, పైన కోసుగా పెరిగే చెట్టు అది. మన ఎండల్లో దాన్ని జంటగా, ఒకే ఎత్తున, ఒకే చుట్టుకొలతతో పెంచడం సులభం కాదు. వెలుతురు అన్ని వైపులా సమంగా తగలాలని తాతయ్య పదిహేను రోజులకొకసారి తొట్లను పావు చుట్టు తిప్పేవారు. అప్పటికి ఆరేళ్లుగా అలా పెంచుతున్నారు.

తిరుపతిలో కొత్తగా కడుతున్న ఒక కల్యాణ మండపం యజమాని, గుమ్మానికి ఇరువైపులా నిలపడానికి ఆ జంటను మాట్లాడుకుని వెళ్లాడు. తాతయ్యలా సమంగా కత్తిరించే చెయ్యి చిత్తూరులో మరొకటి లేదని అందరితో చెప్పుకునే మనిషి. ఆ పేరు మీదే తాతయ్యకు ఊళ్లో నాలుగు బంగళాల తోటపని దక్కింది.

కొలవడం నాకు అప్పటికే అలవాటు. యజమాని రావలసిన ఉదయం, తాతయ్య మోటారు దగ్గర ఉండగా, నేను నూలుదారం చుట్టి రెండు చెట్ల నడుములు కొలిచాను. ఎడమది నాలుగు వేళ్లు ఎక్కువ వచ్చింది. కత్తెర తెచ్చి తగ్గించాను. ఇప్పుడు కుడిది రెండు వేళ్లు ఎక్కువైంది. దాన్నీ తగ్గించి మళ్లీ ఎడమదానికి వచ్చాను. ఈసారి కత్తెర లోతుగా దిగి, పచ్చదనం ఊడిపోయి, లోపలి గోధుమరంగు పుల్లలు బయటపడ్డాయి. తొట్టి అంచుకు రెండడుగుల మూడంగుళాల ఎత్తున, జానెడు వెడల్పు ఖాళీ. మందారాన్ని మోడుగా కొట్టినా నెలలో చిగురిస్తుంది కదా అనుకున్నాను. తూజాకు పచ్చ ఉన్నంతవరకే చిగురని, అది దాటి కోస్తే పాత కొమ్మ మళ్లీ ఆకు వేయదని నాకు తెలియదు.

తాతయ్య వచ్చి ఆ పుల్లలను వేలితో తాకి, నా చేతిలోని దారం వైపు చూశారు. అంతలోనే వాకిట్లో వ్యాను ఆగింది.

యజమాని చెట్టు చుట్టూ తిరిగి ఆ ఖాళీ దగ్గర ఆగాడు. "ఇది ఎవురు చేసినారు పెద్దాయనా?"

తాతయ్య నా వైపు తిరిగారు. ఆ చూపులో కోపం లేదు. నేను తల దించుకుని మనసులో అంకెలు లెక్కపెట్టాను. పదకొండు దగ్గర ఆయన గొంతు వినిపించింది.

"నేనే అప్పా. కండ్లు ఆనలేదు."

"కత్తెర తెచ్చినావు గానీ కండ్లు ఇంట్లోనే పెట్టొచ్చినట్టుండావే," అని యజమాని నవ్వి, ఖాళీ వ్యానుతో వెళ్లిపోయాడు.

పెద్దాయనకు చూపు పోయిందన్న మాట ఊరంతా పాకింది. రెండు నెలల్లో నాలుగు బంగళాలూ వేరే మనుషులను పెట్టుకున్నాయి. అప్పటికీ మా అవ్వ సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేది తాతయ్యే.

ఒకనాడు తట్టుకోలేక, ఆ రోజు నేను చెప్పి ఉండవలసిందని ఆయనతో అన్నాను. ఆయన తొట్టి తిప్పుతూ ఆగారు.

"నువ్వు సెప్తావని సూసినా పాపా. సెప్పుంటే, బిడ్డ పని నేర్సుకుంటా ఉండాదప్పా అనుందును."

అంత చిన్న మాట ఆయన దగ్గర సిద్ధంగా ఉండింది. బంగళాల వాళ్లకు వెళ్లి నిజం చెబుతానంటే, కొత్తగా కుదిరినవాళ్ల పొట్ట కొట్టవద్దని వారించారు.

ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి నెలా ఆ ఖాళీని కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. చెట్టు పైకి అడుగున్నర పెరిగింది. ఖాళీ మాత్రం అదే ఎత్తున, అదే జానెడు.

ఇప్పుడు తిరుపతిలో మా ఇంటి ముందు రెండు తూజాలున్నాయి. ఒకటి మూడు వేళ్లు లావు. కొలుస్తాను, కత్తిరించను. ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఇది ఎవరు చేశారని ఎవరైనా అడిగితే, తప్పు నాదైన చోట, మనసులో ఒకటి అనే అంకె మొదలయ్యేలోపే నేనేనని చెప్పేస్తాను. అయినా ఆనాటి పదకొండులో ఒక్క అంకె కూడా ఇంతవరకు తగ్గలేదు.