పెదనాయిన పెట్టిన వాత

నాకు ఎనిమిదేళ్ళప్పుడు కామెర్లొస్తే, తిరుమలగిరిలో మా పెదనాయిన ఎర్రగా కాల్చిన చువ్వతో మణికట్టు మీద వాత పెట్టాడు. "జరంత సురుకే, ఓర్సుకో" అన్నాడు. ఆ కసితోనే నొప్పి మీద పరిశోధన చేసే డాక్టర్నయ్యాను.

నందికొండ డ్యాం కడుతున్న రోజుల్లో, మనుషులు ఎంత వేడి ఓర్చుకుంటారో కొలవడానికి ఊరికెళ్ళి, ముందు పెదనాయిననే కూర్చోబెట్టాను.

"నొప్పి పుట్టంగనే చెప్పు పెదనాయినా" అంటూ ఆయన చేతికి బ్యాటరీతో వేడెక్కే రేకు ఆనించాను. వేడి పెంచుతుంటే నాకు హాయిగా ఉంది. ఆయన చెప్పలేదు. ఇంకా పెంచాను. చర్మం బొబ్బెక్కింది.

"గీ చేతులకు పుట్టినప్పటి సంది సురుకు తెల్వది బిడ్డా. కాలిన చువ్వ పట్టుకుంటనని ఊరోళ్ళు వాతలు నాతోనే పెట్టిస్తరు" అన్నాడు.

బొబ్బకు మందు రాశాను గానీ కోపం చల్లారలేదు. ఇన్నేళ్ళు దాచుకున్న నా పగకు, ఊరంతటిలో నొప్పి తెలియని ఆ చెయ్యే దొరికింది.